పాత రాత బల్లల మీది తోలు, దాని మీది మరకలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా తాతయ్య అమలాపురంలో వకీలు. ఆయన రాత బల్ల పైభాగాన ముదురాకుపచ్చ తోలు అతికించి ఉంటుంది, చుట్టూ సన్నటి బంగారు గీత. అది నా దగ్గరికి వచ్చేసరికి దాని మీద టీ గ్లాసుల గుండ్రాలు, సిరాబుడ్డి ఒలికిన నల్ల మచ్చ, ఏళ్ళ తరబడి మోచేతులు ఆన్చిన చోట జిడ్డు ఉన్నాయి. తొందరపడి ఒక పాలిష్ పనివాడికి అప్పగించాను. అతను థిన్నర్‌లో గుడ్డ ముంచి ఒక్కసారి గట్టిగా తుడిచాడు. మరక అలాగే ఉంది. ఎడమ వైపు జానెడు మేర బంగారు గీత, దాని కింది పచ్చరంగు మాత్రం గుడ్డకి వచ్చేశాయి.

అప్పటినుంచి ఈ తోలు గురించి చదివాను, తెలిసినవాళ్ళని అడిగాను, పాత తోలు ముక్కలు తెచ్చుకుని వాటి మీద చేసి చూశాను. ఇలాంటి బల్లలు ఇంట్లో ఉన్నవాళ్ళు నన్ను పదేపదే అడిగే ప్రశ్నలకి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. నేను చూసినంతలో ఈ తోళ్ళు మరకల వల్ల పాడైనదానికంటే, మరక వదిలించబోయి పాడైనదే ఎక్కువ. అందుకే చాలా జవాబుల్లో 'ఇక్కడితో ఆపండి' అన్న మాట వస్తుంది.

మా బల్ల మీద ఉన్నది అసలు తోలేనా, రెక్సినా? ఎలా తెలుస్తుంది?

ముందు తేల్చుకోవాల్సింది ఇదే. మన దగ్గర కృత్రిమ తోలు దేన్నైనా రెక్సిన్ అనేస్తాం గానీ, అది నిజానికి ఒక బ్రిటిష్ కంపెనీ పేరు. మాంచెస్టర్ దగ్గర హైడ్ అనే ఊళ్ళో తయారయ్యేది. నూలు గుడ్డ మీద సెల్యులోజ్ నైట్రేట్ పూత పూసి, తోలులా కనిపించేలా గీతలు అద్దేవారు. మన పాత ఆఫీసు బల్లల్లో, కుర్చీల్లో తోలు అనుకునేవి చాలా వరకు ఇవే.

ఎక్కడైనా అంచు లేచి ఉంటే కింద చూడండి. నేత కనిపిస్తే రెక్సిన్. పీచుపీచుగా, స్వెడ్ చెప్పు పైభాగంలా ఉంటే తోలు. అంచు లేవకపోతే భూతద్దం పెట్టి పైభాగం చూడండి. తోలు మీద రంధ్రాలు, ముడతలు ఒక చోట ఉన్నట్టు ఇంకో చోట ఉండవు. రెక్సిన్ మీద ఒకే డిజైను వరసగా మళ్ళీమళ్ళీ వస్తుంది.

రెక్సిన్ అయితే ఈ పేజీలో చాలా భాగం మీకు అక్కర్లేదు. తడి పిండేసిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో ఒత్తితే చాలు. థిన్నర్, స్పిరిట్, నెయిల్ పాలిష్ రిమూవర్ దాని దగ్గరికి కూడా రానివ్వకండి. పై పూత కరిగిపోతుంది.

తోలే అని తేలింది. అందులోనూ రకాలున్నాయా?

ఉన్నాయి. బల్లల మీద ముఖ్యంగా రెండు కనిపిస్తాయి. ఒకటి గొర్రె చర్మాన్ని రెండు పొరలుగా చీల్చి, పైపొరతో చేసిన పలచటి తోలు. దీన్ని ఇంగ్లండు పనివాళ్ళు స్కైవర్ అంటారు. దాదాపు అర మిల్లీమీటరు మందమే ఉంటుంది. రెండోది ఆవు తోలు, దీనికంటే మందం, దిట్టం. గొర్రె చర్మం చిన్నది కాబట్టి పెద్ద బల్ల మీద ఒకే ముక్క సరిపోదు. అందుకే మధ్యలో ఒక పెద్ద ముక్క, అటూ ఇటూ రెండు చిన్న ముక్కలు పెట్టి, ఒక్కోదాని చుట్టూ విడిగా గీత వేసిన బల్లలు కనిపిస్తాయి.

మీది పలచటి గొర్రె తోలయితే రుద్దడం అన్న మాటే మర్చిపోండి. నాలుగుసార్లు గట్టిగా రుద్దితే పైపొర లేచి కింద లేత గోధుమరంగు పీచు బయటపడుతుంది. అది తిరిగి పెరగదు.

శుభ్రం చేయడం ఎక్కడ మొదలుపెట్టాలి?

దుమ్ముతో. చాలామంది నేరుగా తడి గుడ్డ తీసుకుంటారు. తోలు మీద పేరుకున్న దుమ్ములో సన్నటి ఇసుక ఉంటుంది, తడి తగిలితే అది బురదై గరుకు కాగితంలా పనిచేస్తుంది. మెత్తటి బ్రష్‌తో, వాటర్ కలర్ వేసే వెడల్పాటి బ్రష్ అయినా సరే, మధ్య నుంచి అంచులకి దులపండి. చెక్కకీ తోలుకీ మధ్య సందులో చేరిన మట్టిని వెదురు పుల్లకి దూది చుట్టి తీయండి.

తర్వాత నీటి చుక్క పరీక్ష. ఎవరికీ కనిపించని మూల, బంగారు గీతకి దూరంగా, అగ్గిపుల్ల కొసతో ఒక చిన్న నీటి చుక్క పెట్టండి. చుక్క ముత్యంలా నిలబడితే పైన లక్క పూతో, లాకరో, మైనమో ఇంకా ఉన్నట్టు. అరనిమిషంలో ఇంకిపోయి ఆ చోటు నల్లబడితే పై పూత పోయినట్టు. అలాంటి తోలు మీద పడిన ప్రతి తడి లోపలికే పోతుంది. రెండో రకం అయితే నీళ్ళతో శుభ్రం చేసే ఆలోచన మానుకోండి, పొడిగా దులపడంతో సరిపెట్టండి.

మూడో పరీక్ష రంగుది. తెల్ల దూదిని కొద్దిగా తడిపి అదే మూల మెల్లగా అద్దండి. దూదికి తోలు రంగు వస్తే అక్కడితో ఆపండి.

చుక్క నిలబడింది, రంగు రాలేదు. ఇప్పుడు ఎలా తుడవాలి?

డిస్టిల్డ్ వాటర్ వాడండి. బోరు నీళ్ళలో ఉండే ఉప్పులు ఆరాక తెల్లగా తేలతాయి. అరలీటరు నీళ్ళలో వాసనా రంగూ లేని మృదువైన షాంపూ రెండు చుక్కలు చాలు. పాత పంచె ముక్కంత మెత్తటి గుడ్డ ఇంకోటి లేదు. ముంచి, పిండి, ఇంకోసారి పిండి, చెంపకి ఆనిస్తే చల్లగా తగలాలి గానీ తడి అంటకూడదు. ఆ గుడ్డతో ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా మొత్తం పలకని ఒకేసారి తేలిగ్గా తుడవండి. గుడ్డ మురికైనప్పుడల్లా మడత మార్చండి. తర్వాత ఉత్తి నీళ్ళలో పిండిన ఇంకో గుడ్డతో ఒకసారి, వెంటనే పొడి గుడ్డతో ఒకసారి. ఫ్యాను గాలికి ఆరనివ్వండి, ఎండలో పెట్టకండి.

మరక ఉన్న చోట మాత్రమే తుడుస్తానంటే కుదరదు. తడిసిన చోటుకీ తడవని చోటుకీ మధ్య మురికి గీత కట్టి, పాత మరక చుట్టూ కొత్త మరక వస్తుంది. మోచేతుల జిడ్డు ఈ పద్ధతిలో మొదటిసారికి సగం కూడా పోదు. వారం ఆగి మళ్ళీ చేయండి. మూడోసారికి కూడా పోనిది ఇక పోదు.

వంట సోడా, బట్టల సబ్బు, నిమ్మరసం, టూత్‌పేస్ట్... ఇంట్లో ఉన్నవాటితో కాదా?

కాదు. కారణం చెబుతాను, అప్పుడు ప్రతిదానికీ విడిగా అడగక్కర్లేదు. ఇలాంటి తోళ్ళని చెట్ల బెరడు, కాయల్లోని వగరు పదార్థంతో (టానిన్) పదును చేస్తారు, అంటే పచ్చి చర్మాన్ని కుళ్ళిపోని తోలుగా మారుస్తారు. అలా పదునైన తోలు స్వతహాగా ఆమ్ల గుణంతో ఉంటుంది, పీహెచ్ 3 నుంచి 5 లోపు. వంట సోడా, బట్టల సబ్బు క్షార గుణం ఉన్నవి. అవి తగిలితే తోలుని పట్టి ఉంచిన వగరు కదిలిపోయి, ఆ చోటు నల్లబడి, ఆరాక పెళుసెక్కుతుంది. గుర్రపు జీనులకి వాడే సబ్బు కూడా క్షారమే, బల్లలకి వద్దు. నిమ్మరసం అటువైపు అతి, రంగుని కొరికేస్తుంది. టూత్‌పేస్ట్‌లో ఉన్నది సన్నటి సుద్దపొడి, దానితో రుద్దడమంటే గరుకు కాగితంతో రుద్దడమే.

శానిటైజర్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 2020 తర్వాత నేను చూసిన బల్లల్లో చాలావాటికి సీసా పెట్టిన చోట మసకబారిన గుండ్రం ఉంది. అది మరక కాదు. శానిటైజర్‌లోని ఆల్కహాల్ లక్క పూతని కరిగించేసింది. అక్కడ శుభ్రం చేయడానికి ఏమీ లేదు, పూత తిరిగి వేయించడమే దారి.

టీ గ్లాసు గుండ్రాలు పోతాయా?

గుండ్రం తెల్లగా ఉందా, నల్లగా ఉందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. తెల్లగా ఉంటే తడి పై పూతలోనే చిక్కుకుంది. పొడి వాతావరణంలో కొన్ని రోజులు వదిలేయండి. చాలావరకు పలచబడుతుంది, మిగిలింది రంగులేని మైనపు పాలిష్ పలచగా రాస్తే కంటికి ఆనదు. నల్లగా ఉంటే తడి తోలులోకే దిగింది. అది పోదు.

ఇంకో రకం ఉంది. గుండ్రం ఉన్న చోట తోలు ముడుచుకుపోయి, గట్టిగా, గాజులా మెరుస్తూ ఉంటుంది. అది మరక కాదు, కాలిన గాయం లాంటిది. వగరుతో పదును చేసిన తోలు తడిగా ఉన్నప్పుడు 70, 80 డిగ్రీల వేడికే కుంచించుకుపోతుంది. పాతబడి పాడైన తోలయితే అంతకంటే చాలా తక్కువ వేడికే. పొగలు కక్కే గ్లాసు, అడుగున కారిన టీ, రెండూ కలిస్తే ఇక చెప్పేదేముంది. ఇస్త్రీ పెట్టెతో మరకలు తీసే చిట్కాలు ఎవరు చెప్పినా వినకండి అనేది ఇందుకే.

సిరా పడి నల్లగా మచ్చ కట్టింది. ఎన్నేళ్ళయినా పోవట్లేదు, ఎందుకు?

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న. జవాబు మన పాత ఇళ్ళల్లోనే ఉంది. వెనకటికి కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి సిరా కాచుకునేవారు. కరక్కాయలో వగరు ఉంది, అన్నభేదిలో ఇనుము ఉంది. రెండూ కలిస్తే నల్లటి రంగు పుడుతుంది, ఒకసారి ఆరితే నీళ్ళకి లొంగదు. యూరప్‌లో కరక్కాయ బదులు ఓక్ చెట్టు మీది బుడిపెలు వాడి ఇదే సిరా శతాబ్దాల పాటు రాశారు.

ఇప్పుడు తోలు సంగతి చూడండి. తోలు నిండా వగరే ఉంది. అంటే సగం సిరా తోలులోనే సిద్ధంగా ఉన్నట్టు. పైనుంచి ఇనుము పడితే చాలు. ఇనప సిరా ఒలికినప్పుడు అది తోలు పైన నిలబడిన రంగు కాదు, తోలుతో కలిసి పుట్టిన రంగు. సిరా అక్కర్లేదు కూడా. తుప్పు పట్టిన గుండుసూది, జెమ్ క్లిప్, పంచింగ్ మిషను అడుగు, ఇనప పూలకుండీ స్టాండు, వీటిలో ఏదైనా వానాకాలం తేమలో ఒక రాత్రి ఉంటే అదే ఆకారంలో నల్లటి ముద్ర పడుతుంది. మా బల్ల కుడిమూల ఒక జెమ్ క్లిప్ ఆకారం అచ్చుగుద్దినట్టు ఉంది.

ఆక్జాలిక్ ఆమ్లంతో ఈ నలుపు విరుగుతుంది. చెక్క మీద ఇనప మరకలకి వడ్రంగులు వాడేది అదే. జీనులు కుట్టేవాళ్ళు కొత్త తోలు మీద వాడతారు. కానీ వందేళ్ళ నాటి రంగద్దిన పలచటి తోలు మీద అది నలుపుతో పాటు రంగునీ తీసేస్తుంది. దాన్ని కడిగేయడానికి తోలుని బాగా తడపాలి, తడిపితే అడుగు జిగురు ఊడుతుంది. పైగా అది విషం. నేను ముక్కల మీద చేసి చూశాను, నల్ల మచ్చ స్థానంలో పాలిపోయిన మచ్చ మిగిలింది. ఆ మచ్చ కంటే సిరా మచ్చే అందంగా ఉంది. రాత బల్ల మీద సిరా మరక ఉండటం తప్పేమీ కాదు కూడా. తాతయ్య బల్ల మీద దాన్ని అలాగే ఉంచాను.

ఫౌంటెన్ పెన్ నీలం సిరా, బాల్ పెన్ గీతలు?

నీలం సిరా అప్పుడే ఒలికితే తుడవకండి, బ్లాటింగ్ పేపరో టిష్యూనో పైన పెట్టి పీల్చనివ్వండి. పాతదైతే పైన చెప్పిన పిండిన గుడ్డతో కొంత పలచబడుతుంది.

బాల్ పెన్ సిరా జిడ్డు రకం. హెయిర్ స్ప్రే, నెయిల్ పాలిష్ రిమూవర్ లాంటివి కొడితే గీత కరిగి నీలం మబ్బులా పరుచుకుంటుంది, కింద పూత కూడా పోతుంది. పూత దిట్టంగా ఉన్న తోలు మీద, కనిపించని మూల ఇదే ఆల్కహాల్‌తో పరీక్షించి రంగు, పూత రాలేదని తేలాక, పుల్లకి చుట్టిన కొంచెం దూదిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, టిష్యూ మీద ఒత్తేసి, గీత వెంబడి మాత్రమే దొర్లించవచ్చు. ప్రతి అంగుళానికీ దూది మార్చాలి. చేయి వణికేవాళ్ళు వద్దు.

దసరాకి ఆయుధ పూజలో బల్లకి పసుపు, కుంకుమ పెట్టాం. మరక పడింది.

చాలా ఇళ్ళలో ఇదే కథ. పొడిగా ఉన్నంతసేపు ఏమీ కాదు, తడిపి బొట్టు పెట్టడంతోనే లోపలికి దిగుతుంది. సబ్బు మాత్రం పెట్టకండి. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా ఎలా వస్తుందో, సబ్బు తగిలినా అంతే, పసుపు మరక ఎర్ర మరక అవుతుంది. పొడిగా ఉన్నదంతా బ్రష్‌తో దులిపి, పిండిన గుడ్డతో ఒకసారి తుడిచి వదిలేయండి. పసుపు రంగు వెలుతురుకి నిలవదు, కిటికీ దగ్గర మామూలు వెలుగులో కొన్ని వారాల్లో తనే పలచబడుతుంది. నేరుగా ఎండ పడితే తోలు రంగు కూడా వెలుస్తుంది కాబట్టి ఆ తొందర వద్దు. బజారు కుంకుమలో కృత్రిమ రంగులుంటాయి, అది పోయేది అనుమానమే.

వచ్చే దసరాకి బొట్లు చెక్క కాళ్ళకి పెట్టండి. లేదా తమలపాకు పరిచి దాని మీద.

కొబ్బరి నూనె ఒలికింది. దీపం పెడితే మైనం కూడా కారింది.

నూనె మీద వెంటనే టాల్కం పౌడరో, కార్న్‌ఫ్లోరో మందంగా చల్లి ఒక రోజు వదిలేయండి. మెల్లగా దులిపి మళ్ళీ చల్లండి. నాలుగైదు సార్లకి చాలా పీల్చేస్తుంది. మైనానికి, ప్లాస్టిక్ సంచిలో ఐసుముక్కలు వేసి రెండు నిమిషాలు పైన పెట్టండి, గట్టిపడ్డాక పాత ఏటీఎం కార్డు అంచుతో మెల్లగా లేపండి. సంచికి చెమట పడుతుంది, కింద టిష్యూ వేయడం మర్చిపోకండి.

తోలు పాడవకుండా పైన అద్దం వేశాం. మంచిదే కదా?

ఈ మాట చెప్పడానికి బాధగా ఉంటుంది గానీ, మన ఇళ్ళలో తోలు పలకలకి ఎక్కువ చేటు చేసింది అద్దమే. ఆఫీసు బల్లంటే పైన అద్దం, అద్దం కింద దేవుడి పటం, క్యాలెండరు, పిల్లల ఫొటోలు, విజిటింగ్ కార్డులు, మనందరికీ అలవాటే. కానీ అద్దం కింద గాలి ఆడదు. కాకినాడ, విశాఖ లాంటి చోట్ల వానాకాలం తేమ అక్కడే చిక్కుకుని బూజు పడుతుంది. లక్క పూత ఎండాకాలం మెత్తబడి అద్దానికి అంటుకుంటుంది. ఏళ్ళ తర్వాత అద్దం ఎత్తితే తోలు పైపొర దానితో పాటే లేచి వస్తుంది. అద్దం బదులు వేసే ప్లాస్టిక్ షీటు ఇంకా చెడ్డది. దాన్ని మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం మెల్లగా తోలు పూతలోకి దిగి జిగటగా మారుస్తుంది.

ఇప్పటికే వేసి ఉంటే ఒక్కసారిగా లాగకండి. చల్లటి పొడి రోజు చూసి, ఇద్దరు చెరో వైపు పట్టుకుని, ఒక మూల కొద్దిగా ఎత్తి ఆగండి. అంటుకున్నట్టు అనిపిస్తే దంతధావనానికి వాడే సన్నటి దారాన్ని అద్దానికి ఆనించి, రంపంలా అటూ ఇటూ కదుపుతూ వెళ్ళండి. కాగితాలు తోలుకి అంటుకుని ఉంటే వాటిని గీకకండి, తెలిసినవాళ్ళకి చూపించండి.

అద్దం ఉండాల్సిందే అనుకుంటే చెక్క అంచు మీద ఆరు చోట్ల పారదర్శకమైన చిన్న బొడిపెలు పెట్టి, వాటి మీద నిలబెట్టండి. మధ్యలో గాలి ఆడాలి.

వానాకాలం తెల్లగా బూజు పడుతోంది.

అది బూజేనా అన్నది ముందు చూడండి. తోలులోని కొవ్వు పైకి తేలి తెల్లటి మసకలా కనిపించడం కూడా ఉంటుంది. హెయిర్ డ్రయ్యర్‌ని దూరం నుంచి అతి తక్కువ వేడిలో పట్టితే కొవ్వు కరిగి మాయమవుతుంది, బూజు కాదు. బూజుకి వాసన కూడా ఉంటుంది.

బూజైతే తడి గుడ్డ పెట్టకండి, గింజల్లాంటి దాని రేణువులు తోలు రంధ్రాల్లోకి దిగుతాయి. ముందు బల్లని ఫ్యాను కింద రెండు రోజులు ఆరనివ్వాలి. తర్వాత ఎన్-95 మాస్కు పెట్టుకుని, వీలైతే బయట నీడలో, మెత్తటి బ్రష్‌తో ఒకే దిశలో దులపండి. ఆ బ్రష్ ఇంక దేనికీ వాడకండి. గాలిలో తేమ 65 శాతం దాటి రోజుల తరబడి ఉంటే మళ్ళీ వస్తుంది. కాబట్టి బల్లని గోడకి జానెడు దూరం జరపండి, తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి గదిలో పెట్టండి. సొరుగుల్లో వేపాకు వేసుకుంటే తప్పులేదు. కలరా ఉండలు మాత్రం తోలుకి తగలకూడదు.

చేయి పెడితే ఎర్రటి పొడి రాలుతోంది. ఏం రాయాలి?

ఏమీ రాయకండి, ముందు ఇది చదవండి. దీన్ని ఇంగ్లీషులో ఎర్ర కుళ్ళు అనే అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. నిజానికి ఇది కుళ్ళు కాదు, ఆమ్లం తోలుని లోపలి నుంచి తినేయడం. 1843లోనే శాస్త్రవేత్త మైకేల్ ఫారడే, లండన్ ఎథీనియం క్లబ్బులో తోలు వస్తువులు శిథిలమవడానికి గ్యాస్ దీపాల నుంచి వచ్చే గంధకపు పొగలే కారణమని చెప్పాడు. బొగ్గు పొగలోని ఆ గంధకం తోలులో చేరి సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారుతుంది.

మనకి సంబంధించిన సంగతి ఆ తర్వాత ఉంది. పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి లక్షల కొద్దీ పదును చేసిన గొర్రె, మేక, ఆవు తోళ్ళు ఓడల్లో ఇంగ్లండు వెళ్ళేవి. వాటిని పదును చేసింది తంగేడు బెరడుతో. బతుకమ్మలో పేర్చే తంగేడే, తెలంగాణ రాష్ట్ర పుష్పం. తంగేడు బెరడు రసంలో నానబెట్టి, చివర్లో కరక్కాయ నీళ్ళలో ముంచేవారు. తోలు మెత్తగా, లేతరంగులో, చవగ్గా వచ్చేది. అయితే 1900లో లండన్‌లోని సొసైటీ ఆఫ్ ఆర్ట్స్ పుస్తకాల అట్టల తోలు ఎందుకు పొడవుతోందో తేల్చమని ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ చూసినవాటిలో త్వరగా పాడైన రకాల్లో మన తంగేడు తోలు ఒకటి. తంగేడులోని వగరు జాతి గంధకపు పొగని ఎక్కువగా పీల్చుకుంటుంది. సుమాక్ అనే పొద ఆకుతో పదును చేసినవి బాగా నిలిచాయి. అంటే, ఇంగ్లండు నుంచి వచ్చిందని గొప్పగా చెప్పుకునే పాత బల్ల మీద పొడి రాలుతున్న తోలు, మన నేల మీది గొర్రెదే అయ్యే అవకాశం ఉంది. ఆ మాట తెలిసిన రోజు ఆ బల్లని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

ఇక వైద్యం. పోయిన బలం తిరిగి రాదు. నూనె రాస్తే పొడి ముద్దై నల్లబడుతుంది. నీళ్ళు తగిలితే గట్టిపడి పగులుతుంది. సంరక్షణ నిపుణులు హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్ అనే పొడిని ఆల్కహాల్‌లో పలచగా కలిపి పట్టిస్తారు, అది రాలే పీచుని పట్టి ఉంచుతుంది. తోలు కొంచెం ముదురుగా మారొచ్చు. ఇంట్లో చేయదగ్గ పని, ఆ బల్ల మీద రాయడం మానేసి, దుమ్ము పడకుండా నూలు గుడ్డ కప్పి ఉంచడం.

తోలు ఎండిపోయింది, కొబ్బరి నూనె పట్టిస్తే మెత్తబడదా?

ఆ పూటకి మెత్తబడుతుంది. ముదురు రంగు వచ్చి కొత్తదానిలా మెరుస్తుంది, అందుకే అందరూ మోసపోతారు. కొన్ని నెలల్లో ఆ నూనె కనరెక్కి జిగటగా మారుతుంది, దుమ్ముని పట్టుకుంటుంది, బూజుకి తిండి అవుతుంది. ఆముదం, ఆలివ్ నూనె కూడా ఇంతే. ఒకప్పుడు మ్యూజియంలే ఆరు నెలలకోసారి తోళ్ళకి కొవ్వు లేపనాలు పట్టించేవి, ఇప్పుడు అవే చాలావరకు మానుకున్నాయి. బల్ల మీద అతికించిన తోలు చెప్పులా వంగాల్సిన పని లేదు, దానికి మెత్తదనం ఎందుకు?

పై పూత బాగున్న తోలుకి ఏడాదికోసారి మైక్రోక్రిస్టలైన్ మైనం, బఠాణీ గింజంత, పలచగా రాసి పదినిమిషాలయ్యాక మెత్తటి గుడ్డతో మెరుగుపెడితే చాలు. 1950ల్లో బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలలో రూపొందిన రెనసాన్స్ వ్యాక్స్ ఈ రకానిదే. అందులోనూ ద్రావకం ఉంటుంది, మూల పరీక్ష తప్పదు.

రంగు వెలిసింది. చెప్పుల పాలిష్ వేయొచ్చా?

వద్దు. ఆ రంగు తోలుకి కాదు, మీ చొక్కా చేతులకి, కాగితాలకి అంటుతుంది. తోలు రంగు లేపనాలు దొరుకుతాయి, ఆరాక అంటనివి చూసుకుని కొనండి. కావాల్సిన రంగు కంటే ఒక వన్నె తక్కువది తీసుకుని, స్పాంజితో పలచగా, అద్దుతూ వేయండి, రాయకండి. ఒక పొర పూర్తిగా ఆరాకే రెండోది. మొత్తం ఒకే రంగులోకి తేవాలని చూడకండి, కిటికీ వైపు వెలిసి, దీపం స్టాండు కింద ముదురుగా ఉండటమే పాత తోలు అందం. రంగు బంగారు గీత మీదికి పోకుండా చూసుకోండి, పోతే తీయలేరు.

బంగారు గీతని మెరిపించడం ఎలా?

మంచి పాత బల్లల్లో అది నిజమైన బంగారు రేకు. గుడ్డు తెల్లసొన పూసి, రేకు పరిచి, వేడి చేసిన ఇత్తడి చక్రంతో అద్దుతారు. బంగారం కిలుము పట్టదు, కాబట్టి మెరిపించాల్సిన అవసరమే లేదు. గీత ఆకుపచ్చగా, గోధుమగా మారితే అది ఇత్తడి కలిసిన రేకు. రెండిటికీ చింతపండు, పీతాంబరి, ఇత్తడి పాలిష్ పనికిరావు. పొడి బ్రష్ ఒక్కటే.

అంచులు లేచాయి, మధ్యలో పొంగింది. ఫెవికాల్ పెట్టనా?

పెట్టకండి. మళ్ళీ విప్పాలంటే తోలు చిరుగుతుంది. మైదా లై చిక్కగా ఉడికించి, చల్లార్చి, సన్నటి బ్రష్‌తో చెక్క వైపు పలచగా రాసి, తోలుని మెల్లగా పరవండి. పైన బటర్ పేపరు, దాని మీద మందపాటి పుస్తకాలు ఒక రోజు. పుస్తకాలు కుట్టేవాళ్ళు పురుగు పట్టకుండా లైలో మైలుతుత్తం కలుపుతారు, తోలు కింద అది వద్దు. మైలుతుత్తంలో ఉండే రాగి, తోలు పాడవడాన్ని వేగం చేస్తుంది. మధ్యలో పొంగు చిన్నదైతే వదిలేయండి, వాన వెళ్ళాక తనే దిగుతుందేమో చూడండి.

ఇంత కష్టం ఎందుకు, తోలు మార్చేస్తే?

పెద్ద చిరుగులు ఉండి, పొడి రాలుతూ, మీరు రోజూ ఆ బల్ల మీద పని చేయాల్సి ఉంటే మార్చండి, అందులో తప్పు లేదు. వగరుతో పదును చేసిన తోలే అడగండి, క్రోమ్ తోలు (క్రోమియం లవణాలతో పదును చేసినది) మీద బంగారు నగిషీ సరిగ్గా దిగదు. పాత తోలుని పారేయకుండా చుట్టి దాచండి. గీత డిజైను మళ్ళీ వేయాలంటే అదే నమూనా. మరకలు ఒక్కటే కారణమైతే మాత్రం మార్చకండి. పాత సామాను తెలిసినవాళ్ళు మరకలున్న అసలు తోలుకే విలువ ఇస్తారు.

ఎవరికి చూపించాలి?

ఫర్నిచర్ పాలిష్ వాళ్ళకి చెక్క తెలుసు, తోలు తెలియదు. పాత పద్ధతిలో తోలు బైండింగ్ చేసే పుస్తకాల పనివాళ్ళు మీ ఊళ్ళో ఇంకా ఉంటే ముందు వాళ్ళని అడగండి, ఈ పలచటి తోలూ బంగారు రేకూ వాళ్ళ చేతిలో పనే. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో సంరక్షణ ప్రయోగశాల ఉంది, వారసత్వ సంపదని కాపాడే సంస్థ ఇంటాక్‌కి కూడా సంరక్షణ కేంద్రాలున్నాయి. ఎవరి దగ్గరికి వెళ్ళాలో వాళ్ళు దారి చెప్పగలరు. తోలు శాస్త్రానికైతే చెన్నైలో 1948లో మొదలైన కేంద్ర తోలు పరిశోధన సంస్థ ఉంది. తెనాలి దగ్గర యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారు డైరెక్టరుగా పెంచి పెద్ద చేసిన సంస్థ అది.

ఎవరి దగ్గరికి వెళ్ళినా పని అప్పగించే ముందు పగటి వెలుగులో బల్లని నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకోండి. ఏం రాస్తారో, ఏం కలుపుతారో పేరుతో సహా అడగండి. మొదట చేయి పెట్టేది వెనక వైపు మూలలో రూపాయి బిళ్ళంత మేర మాత్రమే అని చెప్పి, అది ఆరి, మర్నాడు మీరు చూసేదాకా మిగతాది ముట్టుకోనివ్వకండి.